మోటుపల్లి అభయశాసనము: వర్తక విశ్వాసము

బాపట్ల జిల్లాలో సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. అచ్చటి వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166, అనగా క్రీ. శ. 1244-45 సంవత్సరమున వేయించిన శిలాశాసనము కలదు. ఆంధ్ర వాణిజ్య చరిత్రకు ఇంత ముఖ్యమైన ఆధారము మఱియొకటి అరుదు. దీనిని పండితులు పెక్కుండ్రు రాజు దయాగుణమునకు నిదర్శనముగా గ్రహించిరి. అది దయ మాత్రమేనా యనునది విచార్యము.

పూర్వరాజులు పెనుగాలికి చిక్కి దరిజేరిన ఓడలలోని సరకులనెల్ల బలాత్కారముగా హరించుచుండిరనియు, ప్రాణముకంటె ధనమే ఘనమని తలచి సాహసించి సముద్రముమీద వచ్చు వర్తకులకు తాము కూపశుల్కము తప్ప తక్కిన సర్వమును విడిచితిమనియు శాసనము చెప్పుచున్నది. కూపమనగా ఓడకొయ్య. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము నిర్ణయింపబడినది. చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టునూలు, పగడములు, మిరియములు మున్నగువానికి వేర్వేరు వెలలును అందు గలవు.

దయ చూపదలచిన రాజు అభయవాక్యముతో ఊరకుండును. గణపతిదేవుడు సుంకపు పట్టికను గూడ చెక్కించెను. ద్వీపాంతర వర్తకునకు గల భయములు మూడు: సముద్రభయము, దోపిడిభయము, ఎంత చెల్లింపవలయునో తెలియని భయము. మొదటిది రాజునకు అసాధ్యము. తక్కిన రెండును తన చేతిలోనివి. రాతిపై చెక్కిన సుంకమును రేవు అధికారి తన యిచ్చవచ్చినట్లు పెంచజాలడు. వర్తకుని మనస్సు నెఱిగి చేసిన కార్యమిది. రాజునకు కీర్తియు, బొక్కసమునకు రాబడియు రెండును దీనిచే సిద్ధించెను.

ఇతర దేశములతో పోల్చినచో దీని విలువ స్పష్టమగును. ఐరోపాలోను పగిలిన ఓడలపై తీరప్రభువులు హక్కు చెప్పుచుండిరి. ఇంగ్లాండున 1275లో వెలువడిన వెస్టుమినిస్టరు చట్టము, ఓడనుండి మనుష్యుడుగాని కుక్కగాని పిల్లిగాని ప్రాణముతో బయటపడినచో దానిని దిక్కులేని సొత్తుగా నెంచరాదని శాసించెను. మోటుపల్లి శాసనము దానికి ముప్పదియేండ్లు ముందటిది. అటుపిమ్మట ఆ శతాబ్ది చివర మార్కోపోలో ఈ రాజ్యమును ముత్ఫిలి యను పేర వర్ణించి, ఇచ్చటి వజ్రములను సన్నని వస్త్రములను కొనియాడెను.

అయినను రాతిమాట శాశ్వతము గాదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యెను. మాట యిచ్చిన వంశమే లేకుండగా వర్తకుడు దేనిని నమ్మును? అందుచే రెడ్డిరాజగు అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మరల ధర్మశాసనము వేయించవలసివచ్చెను. వచ్చిన వర్తకులు నివసింపవచ్చును, తలచినప్పుడు వెడలిపోవచ్చును, సరకును ఇష్టమైనవారికి అమ్ముకొనవచ్చును. సంతులేక మరణించిన వాని సొత్తు రాజు గైకొనడు. వెడలిపోవు స్వేచ్ఛ నిచ్చుటయే నిలుపుకొను ఉపాయమని ఆ రాజు గ్రహించెను.

విశ్వాసము వారసత్వముగా రాదు. ప్రతి తరమును దానిని మరల సంపాదించుకొనవలయును. 2008లో రాజేంద్రనగర ప్రాంతమున శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది. సముద్రములేని తెలంగాణమునకు అది ఆకాశపు రేవు. రేవు ఎచ్చట వెలసినను మోటుపల్లి వర్తకుని ప్రశ్నయే పుట్టును: ఇచ్చట నా సరకునకు రక్షణ కలదా, చెల్లింపవలసినది ముందుగా తెలియునా? దానికి ఉత్తరమును మన పూర్వులు రాతిపై వ్రాసియుంచిరి.