పెరటి మందారం: కొమ్మ చరిత్ర, గింజ చరిత్ర

ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, కొల్లేటి లంక గ్రామంలోనో మీ ఇంటి పెరట్లో ఒక ముద్ద మందారం ఉందనుకోండి. దాని వయసెంత? నాటిన సంవత్సరం చెబితే ప్రశ్న తీరదు. అది బహుశా మీ అమ్మమ్మ ఊరి నుంచి తెచ్చిన కొమ్మ. ఆమె దాన్ని మరొకరి పెరటి నుంచి తెచ్చుకుని ఉంటుంది. కొమ్మ నాటితే వచ్చేది తల్లిచెట్టుకు నకలే. కేసరాలు చాలావరకు రేకులుగా మారడం వల్ల అది ‘ముద్ద’ అయింది. అందుకే దానిలో పుప్పొడి తక్కువ, కాయ కనిపించడం అరుదు. మీరు పూజకు కోసే ఆ పువ్వు, ఎన్నడో ఒకే ఒక గింజ నుంచి మొలిచిన మొక్క ఇప్పటికీ పూస్తున్న పువ్వు. చేతులు మారుతూ మనుషులే దాన్ని బతికించారు. ఇది కొమ్మ చరిత్ర. ఈ పాఠంలో మనం గింజ చరిత్రను పరిశీలిద్దాం.

1753లో లిన్నేయస్ ఈ మొక్కకు ‘హైబిస్కస్ రోజా-సైనెన్సిస్’ అని పేరు పెట్టాడు. చైనా గులాబి అని దాని అర్థం. అంతకు ముందే, 1678–1693 మధ్య ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయిన ‘హోర్టస్ మలబారికస్’లో కేరళ చెంపరత్తికి స్థానం దొరికింది. పేరులో చైనా ఉంది గనుక పుట్టిల్లు చైనాయేనని పరీక్షలో రాసేయకండి. అడవిలో తనంత తానుగా పెరిగే రూపం అక్కడా నిర్ధారణ కాలేదు, ఇక్కడా కాలేదు. గ్రంథాలకెక్కే నాటికే అది తోటమొక్క.

కావాలని మొక్కలను సంకరం చేసి, ఫలితాలు రాసిపెట్టిన తొలి శాస్త్రజ్ఞుల్లో ఒకరు జర్మనీకి చెందిన కోల్‌రాయిటర్. 1760ల్లో ఆయన మందార జాతి పువ్వొకటి తీసుకొని అందులో 4,863 పుప్పొడి రేణువులను లెక్కపెట్టాడు. ముప్పైకి పైగా గింజలు కట్టడానికి వాటిలో 50, 60 చాలని తేల్చాడు. మెండెల్ వ్యాసానికి (1866) వందేళ్ల ముందు మాట ఇది.

19వ శతాబ్ది తొలి దశకాల్లో మారిషస్‌లో చార్లెస్ టెల్ఫేర్ ఆ దీవుల సొంత జాతి లిలీఫ్లోరస్‌ను మన ఎర్ర మందారంతో కలిపి కొత్త రకాలు రాబట్టాడు. ఆయన బానిసల శ్రమతో నడిచిన చెరకు తోట యజమాని కూడా. ఆ తోటను సమర్థించుకుంటూ 1830లో పుస్తకమే రాశాడు. పూల చరిత్ర చెప్పేవారు తరచుగా ఈ ముక్క వదిలేస్తారు. 1835లో బానిసత్వం రద్దయ్యాక అలాంటి తోటలకు కూలీలు కావలసి వచ్చారు. అలా వెళ్లినవారిలో మన కోరంగి రేవులో ఓడలెక్కిన తెలుగువారూ ఉన్నారు. అక్కడ వారికి ‘కోరంగులు’ అనే పేరే స్థిరపడింది.

20వ శతాబ్ది మొదట్లో ఈ పని హవాయి దీవుల్లో ఊపందుకుంది. 1950లో అమెరికాలో మందార పెంపకందారుల సంఘమే వెలిసింది. మన దేశంలో 1967లో ఏర్పడిన బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ కొత్త రకాలు విడుదల చేసింది. అయినా నా దృష్టిలో ఈ చరిత్రలో పెద్ద భాగం పెరటి మనుషులదే. ఎందుకంటే దీనికి ప్రయోగశాల అక్కర్లేదు.

మీరే చేసి చూడండి. మన ఎండలకు కాయ నిలవదు గనుక కార్తీకం నుంచి మాఘం వరకు అనువైన కాలం. పువ్వు చాలా రకాల్లో ఒక్కరోజుదే. పొద్దెక్కి పుప్పొడి రాలే వేళ, ఒక రెక్క మందారం కేసరాలను రెండో పువ్వు కొసనున్న అయిదు కీలాగ్రాలకు అద్దాలి. నాటు ఎర్ర మందారం చాలాసార్లు కాయ పట్టదు. నర్సరీ నుంచి తెచ్చిన సంకర రకాలతో ప్రయత్నించడం మేలు. నిలిచిన కాయ సుమారు రెండు నెలలకు ఎండి పగులుతుంది. గింజ పైపెంకును గోరుగల్లుతో కొంచెం గీరి విత్తితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది. కొల్లేటి పల్లపు బంకమట్టిలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, కాబట్టి కుండీయో, ఎత్తు చేసిన మట్టిదిబ్బో కావాలి. తాడేపల్లిగూడెం పక్కనున్న వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వెలిసింది. అటు మెట్ట ఎర్రనేలల్లో ఆ బాధ తక్కువ.

తొలి పువ్వుకు ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు ఆగాలి. ఒకే కాయలోని గింజలైనా ఏ రెండు మొక్కలూ ఒకేలా పూయవు. పది మొలకల్లో తొమ్మిది తల్లికంటే తీసికట్టుగా ఉన్నా ఆశ్చర్యం లేదు. అలాంటివాటిలో వేరు బలమున్నది ఉంటే, నాజూకు రకాన్ని దానిపై అంటు కట్టుకోవచ్చు.

చరిత్ర విద్యార్థిగా మీ అసలు పని ఇక్కడే ఉంది. అమ్మకానికి వచ్చే మొక్కల్లో అనేకం ‘హైబ్రిడ్ మందారం’ అన్న ఒక్క మాటతో చెలామణి అవుతాయి. తల్లి ఏది, తండ్రి ఏది అన్న ఆచూకీ అక్కడితో తెగిపోతుంది. పువ్వును చూసి దాన్ని తిరిగి రాబట్టలేం. అందుకే పుప్పొడి అద్దిన రోజే కాడకు చీటీ కట్టండి. తల్లి పేరు ముందు, గుణకారపు గుర్తు, తండ్రి పేరు, తేదీ. సిరా వానకు పోతుంది, పెన్సిల్‌తో రాయండి.