రియోహా ఎర్ర వైను, ఇంటి భోజనం

1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం వాళ్లం కదా, వైను అనగానే మనకు ఫ్రాన్సే గుర్తొస్తుంది. స్పెయిన్ మాటే ఎత్తం. అది అన్యాయం. 1860ల నుంచి ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్సులో ద్రాక్ష వేర్లను తినేస్తుంటే, బోర్డో వర్తకులు సరుకు కోసం పరుగెత్తింది స్పెయిన్‌లోని రియోహాకే. 225 లీటర్ల ఓక్ పీపాల్లో వైను నిలవచేసే పద్ధతి అక్కడ ఆ రోజుల్లోనే పాతుకుంది. చివరికి ఆ పురుగు రియోహానూ వదల్లేదు. అమెరికా ద్రాక్ష వేళ్ల మీద అంటు కట్టి తోటలు నిలబెట్టుకున్నారు.

అక్కడివాళ్లు నేటికీ తోటలో కత్తిరించిన ద్రాక్షపుల్లలే మండించి, ఆ నిప్పుల మీద గొర్రెపిల్ల మాంసం కాలుస్తారు. పక్కన చోరిసో వేసిన బంగాళాదుంపల కూర, ఇంటిల్లిపాదీ కూర్చున్న బల్ల మీద ఎర్ర వైను. మన పులస పులుసుతో అది కుదురుతుందా? చింతపండు ముందు తేలిపోతుందనే మా అనుమానం.