న్యూయార్క్ (ఆల్బమ్)

అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ 1989 జనవరిలో సైర్ రికార్డ్స్ ద్వారా వెలువరించిన ఆల్బమ్. ఇందులో 14 పాటలున్నాయి. నిడివి గంటకు కాస్త తక్కువ. పుస్తకం చదివినట్టో, సినిమా చూసినట్టో ఒకే విడతలో వినమని రీడ్ ఆల్బమ్ వెంట ఇచ్చిన మాటల్లోనే కోరాడు.

వస్తువు 1980ల చివరినాటి న్యూయార్క్. ‘డర్టీ బులెవార్డ్’లో పెద్ద కుటుంబంతో ఇరుకు హోటల్ గదిలో బతికే పెడ్రో అనే కుర్రాడు కనిపిస్తాడు. ‘హాలోవీన్ పరేడ్’ గ్రీనిచ్ విలేజ్ ఊరేగింపును వర్ణిస్తూనే ఎయిడ్స్ మింగేసినవారిని తలుస్తుంది. ఆల్బమ్‌లో గుండెను తాకే పాట ఇదే. ‘హోల్డ్ ఆన్’ నిండా ఆనాటి జాతి ఘర్షణలు, నగరంలోని టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కు అల్లర్ల ఛాయలు. అప్పటి పత్రికలు చదవని శ్రోతకు కొన్ని పేర్లు అందవు. కోపం మాత్రం అందుతుంది.

రెండు గిటార్లు, బాస్, డ్రమ్స్, పాటకూ మాటకూ మధ్య నడిచే గొంతు: సంగీతమంతా దాదాపు అంతే. చివరి పాట ‘డైమ్ స్టోర్ మిస్టరీ’ 1987లో మరణించిన చిత్రకారుడు ఆండీ వార్హోల్‌కు నివాళి. అదే వార్హోల్ మీద రీడ్, పాత సహచరుడు జాన్ కేల్‌తో కలిసి 1990లో ‘సాంగ్స్ ఫర్ డ్రెల్లా’ తెచ్చాడు.