బెంగళూరులో కూలిన మిరాజ్-2000: అప్పగింతకు ముందు పరీక్షలో విషాదం

2019 ఫిబ్రవరి 1వ తేదీ ఉదయం బెంగళూరులోని హిందూస్థాన్ ఏరోనాటిక్స్ విమానాశ్రయంలో రెండు సీట్ల మిరాజ్-2000 యుద్ధవిమానం టేకాఫ్ దశలో కూలి దగ్ధమైంది. భారత వాయుసేన స్క్వాడ్రన్ లీడర్లు సమీర్ అబ్రోల్, సిద్ధార్థ నేగి మరణించారు. ఇద్దరూ ఎజెక్షన్ సీట్లతో బయటపడ్డారు. అయితే ఒకరు మండుతున్న శకలాలపైనే దిగారు. తీవ్రంగా గాయపడిన రెండవవారు ఆ తరువాత కన్నుమూశారు. ప్రమాదంపై వాయుసేన విచారణకు ఆదేశించింది.

పరీక్ష అనగానే సరికొత్త విమానమే స్ఫురిస్తుంది. మిరాజ్ అటువంటిది కాదు. ఫ్రాన్స్‌లోని దసో సంస్థ రూపొందించిన ఈ శ్రేణి విమానాలు 1985 నుంచి మన వాయుసేనలో ఉన్నాయి. 1999 కార్గిల్ పోరులో పాల్గొన్నాయి. 2011 నాటి ఒప్పందం మేరకు వీటికి కొత్త రాడార్, కొత్త ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చే పని చేపట్టారు. అలా ఆధునికీకరించిన విమానాన్ని స్వీకరించే ముందు వాయుసేన పైలట్లు స్వయంగా నడిపి చూస్తారు. మృతులిద్దరూ ఆ బాధ్యత వహించే వాయుసేన పరీక్షా సంస్థ ఏ.ఎస్.టి.ఇ.కి చెందినవారు. ఈ తనిఖీ ఒకటి ఉందని సామాన్య ప్రజలకు తెలిసేది, దురదృష్టవశాత్తు, ఇటువంటి రోజుల్లోనే.

బెంగళూరుకు ఈ దుఃఖం కొత్తది కాదు. దేశంలోనే రూపకల్పన చేసిన తొలి జెట్ యుద్ధవిమానం మారుత్‌ను 1961 జూన్ 17న నడిపిన సురంజన్ దాస్, గ్రూప్ కెప్టెన్ హోదాలో ఉండగా, 1970 జనవరి 10న అదే మారుత్‌లో మార్పులు చేసిన నమూనాను పరీక్షిస్తూ మరణించారు. విమానాశ్రయ సమీపంలోని ఒక రహదారి నేటికీ ఆయన పేరుతోనే ఉంది.