పిల్లల్లో ఉదర లింఫోమా: శస్త్రచికిత్స చరిత్ర

పిల్లల కడుపులో వచ్చే లింఫోమాల్లో (లింఫ్ కణాల క్యాన్సర్లలో) ఎక్కువ భాగం బర్కిట్ రకానివి. చాలావరకు చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట పుట్టి, చూస్తుండగానే పెరిగిపోతాయి. అపెండిక్స్ నొప్పి అనుకునో, పేగులోకి పేగు చొచ్చుకుపోయిందనో కడుపు తెరిచిన సర్జన్‌కే ఈ గడ్డ తరచు మొదట కనబడుతుంది. మందులు లేని కాలంలో కోసి తీయడమే వైద్యం. కంటికి కనిపించినంతా తీసినా చాలామంది పిల్లల్లో వ్యాధి మళ్లీ తలెత్తేది.

ఈ చరిత్రను మలుపు తిప్పినవాడూ సర్జనే. కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేసిన డెనిస్ బర్కిట్ 1958లో ఆఫ్రికా పిల్లల దవడ గడ్డలను వర్ణించాడు. అదే వ్యాధి కడుపులోనూ వస్తుందని గమనించాడు. 1960ల్లో ఆయన మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి చూస్తే గడ్డలు కరిగిపోయాయి. మెథోట్రెక్సేట్ మూలాలు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దగ్గరికి వెళ్తాయి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందుల కుటుంబానికి చెందినదే అది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. తన కృషి ఈ పిల్లలదాకా చేరడం ఆయన చూడలేదు.

1970ల్లో ఉగాండాలో గడ్డను వీలైనంత తగ్గించి మందులిస్తే మేలని వైద్యులు భావించారు. 1980లో షారన్ మర్ఫీ వర్గీకరణలో పూర్తిగా తీయగలిగిన పేగు గడ్డ రెండో దశ, కడుపంతా పాకినది మూడో దశ. కీమోథెరపీ బలపడేకొద్దీ పెద్ద కోతల అవసరం తగ్గింది. గాయం మానేదాకా మందు ఆగితే వ్యాధి ఆగదు. ఇప్పుడు సర్జన్ పని బయాప్సీ తీయడం, చిన్న గడ్డ అయితే పూర్తిగా తొలగించడం, పేగు మూసుకుపోయినా చిల్లు పడినా ప్రాణం కాపాడటం. కడుపు నీటిలోనో ఎముక మజ్జలోనో క్యాన్సర్ కణాలు దొరికితే నిర్ధారణకు కోతే అక్కర్లేదు. 2020లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో, ముదిరిన దశలో కీమోతోపాటు రిటుక్సిమాబ్ అనే మందు పొందిన పిల్లల్లో సుమారు 94 శాతం మూడేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నారు.

తెలంగాణలోని పెబ్బేరు లాంటి ఊరి బిడ్డకు ఈ వైద్యం 44వ జాతీయ రహదారి మీదుగా హైదరాబాదు వెళ్తే అందుతుంది. రెడ్‌హిల్స్‌లో 1953 నాటి నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, 1955 నాటి మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరదగ్గరే ఉన్నాయి. 2007లో పేదలకు ఉచిత వైద్యమందించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పెబ్బేరు అప్పుడు ఆ జిల్లాలోదే. క్యాన్సర్ ఆపరేషన్‌తోపాటు కీమోథెరపీ ఖర్చూ ఆ పథకంలో చేరింది. నెలల తరబడి సాగే వైద్యాన్ని పేద ఇల్లు మధ్యలో మానకుండా నిలిపేది ఆ రెండో భాగమే.