ద్విసభ్య నియోజకవర్గములు: వాని పుట్టుపూర్వోత్తరములు

ఒక నియోజకవర్గమునకు ఒకే శాసనసభ్యుడుండుట నేటివారికి సహజముగా తోచును. కాని తెలుగుదేశమున ఒకే నియోజకవర్గము నుండి ఇరువురు సభ్యులు శాసనసభకు వెళ్ళిన కాలము కలదు. ఆ యేర్పాటు ఏల పుట్టినదో, ఏల పోయినదో ఓటు గల ప్రతివారును తెలిసికొనదగినది.

తొలుత ఓటు హక్కు ఆస్తిని అంటిపెట్టుకొని యుండెడిది. 1919 నాటి చట్టము ననుసరించి 1920లో మదరాసు శాసనమండలికి ఎన్నికలు జరిగెను. పల్లెలలో శిస్తు చెల్లించు పట్టాదారునకు ఓటుండెను గాని, ఆ పొలమును దున్ని పండించు కూలివానికి లేదు. కరణము లెక్కలలో ఎవని పేర భూమి కలదో, వాని పేరే ఓటర్ల జాబితాకెక్కెను. అంటరానివారుగా ఎంచబడిన కులములకు ప్రభుత్వము నియమించిన సభ్యులే దిక్కు.

1932 నాటి పూనా ఒడంబడికతో ఈ స్థితి కొంత మారెను. ఆ కులములవారికి ప్రత్యేక స్థానములుండవలెననియు, ఆ స్థానములకు ఓటర్లందరును కలసియే ఓటు వేయవలెననియు అందు నిర్ణయింపబడెను. మదరాసు రాష్ట్రమునకు అట్టి స్థానములు 30 లభించెను. 1937 ఎన్నికలలో శాసనసభయందలి 215 స్థానములలో ఇవి చేరియుండెను. ఆ ఎన్నికలలోనే, మదరాసు ప్రధానమంత్రిగా నుండిన బొబ్బిలి రాజావారిని బొబ్బిలియందే వి. వి. గిరిగారు ఓడించిరి. ఓటు ముందర సంస్థానాధీశుడును అభ్యర్థియేయని ప్రజలు గ్రహించిరి.

1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషులకెల్లరకును ఓటు లభించెను. షెడ్యూల్డు కులములకును, తెగలకును ప్రత్యేక స్థానములు కేటాయింపవలసి వచ్చెను. ఒక ప్రాంతమును పూర్తిగా ఒక వర్గమునకే ఇచ్చినచో తక్కినవారు పోటీకి దూరమగుదురు. అందుచే పెక్కుచోట్ల రెండింతల ప్రాంతమును ఒక్క నియోజకవర్గముగా చేసి, ఒక సామాన్య స్థానమును, ఒక ప్రత్యేక స్థానమును అందే నిలిపిరి. 1952లో మదరాసు శాసనసభకు 66, హైదరాబాదు శాసనసభకు 33 ద్విసభ్య నియోజకవర్గములుండెను. 1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు 167 నియోజకవర్గముల నుండి 196 మంది ఎన్నికైరి. అనగా 29 నియోజకవర్గములు ద్విసభ్యములు.

అచ్చట ప్రతి ఓటరునకు రెండు ఓట్లు. రెండును ఒకే అభ్యర్థికి వేయరాదు. 1952, 1957 సంవత్సరముల ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె చొప్పున గుర్తులతో నుంచెడివారు. చదువురానివాడును గుర్తు చూచి, తన పత్రములను వేరువేరు పెట్టెలలో వేసెడివాడు. లెక్కింపునందు ముందుగా ప్రత్యేక స్థానము, ఆ వర్గపు అభ్యర్థులలో అధికముగా ఓట్లు పొందినవానికి దక్కును. పిమ్మట మిగిలిన అభ్యర్థులందరిలో, కులభేదము లేక, అధికముగా ఓట్లు వచ్చినవానికి రెండవ స్థానము.

ఈ రెండవ సూత్రమునందలి బలము 1957లో నాటి శ్రీకాకుళము జిల్లా పార్వతీపురమున వెల్లడియయ్యెను. అది లోకసభ ద్విసభ్య నియోజకవర్గము. గిరిజనుడగు బిడ్డిక సత్యనారాయణగారికి ప్రత్యేక స్థానము లభించెను. సామాన్య స్థానము సయితము మరియొక గిరిజనుడగు దిప్పల సూరిదొరగారికే దక్కెను. ఓడినవారు, పూర్వము కేంద్రమంత్రిగా పనిచేసిన వి. వి. గిరిగారే. ఇరువది ఏండ్లనాడు సమీపమునందలి బొబ్బిలిలో రాజును గెలిచినవారు, ఇచ్చట గిరిజనుని చేత ఓడిరి. ప్రత్యేక స్థానమునకై నిలిచినవాడు సామాన్య స్థానమునకు అర్హుడు కాడని గిరిగారి వాదము. వివాదము సుప్రీంకోర్టు వరకును పోయెను. 1959లో ఆ న్యాయస్థానము సూరిదొరగారి ఎన్నిక చెల్లునని తీర్పు చెప్పెను. ప్రత్యేక స్థానము రక్షణమే గాని సంకెల కాదనియు, సామాన్య స్థానము అందరిదనియు దీనివలన తేలినది.

మరి రెండేండ్లకు, 1961లో, పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గములను రద్దుచేయు చట్టమును గావించెను. ప్రాంతము విశాలమగుటచే అభ్యర్థులకు వ్యయప్రయాసలు, సభ్యులకు బాధ్యత పంచుకొనుటలో చిక్కులు కలుగుచుండెను. 1962 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ శాసనసభయందలి 300 స్థానములును ఏకసభ్యములే. ప్రత్యేక స్థానములకు వేరు నియోజకవర్గము లేర్పడెను. అచ్చట తక్కిన వర్గములవారు ఓటు వేయవచ్చును గాని పోటీ చేయరాదు. అయినను సామాన్య నియోజకవర్గమున ఎవరైనను నిలువవచ్చునను సూత్రము నేటికిని నిలిచియున్నది.

2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట ఆంధ్రప్రదేశమునకు 175, తెలంగాణమునకు 119 స్థానము లేర్పడెను. అందు షెడ్యూల్డు కులములకు వరుసగా 29, 19. తెగలకు 7, 12. ఈ అంకెలను కంఠస్థము చేయుటకంటె, ఓటర్ల జాబితాను ఊర ప్రకటించినపుడు తన పేరును, తన పొరుగు కూలివాని పేరును అందు వెదకి చూచుట ముఖ్యము. 1920లో ఆ రెండవ పేరు జాబితాలో లేదు.