చందమామలో మాంత్రికద్వీపములు

1954వ సంవత్సరము జనవరిలో చందమామ మాసపత్రికయందు 'తోకచుక్క' అను ధారావాహిక ఆరంభమయ్యెను. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు సముద్రముపై బయలుదేరి మాంత్రికుల నడుమ చిక్కుకొనుట అందలి కథ. ఒకవైపు ఏకాక్షి, మరియొకవైపు చతుర్నేత్రుడు. ఒకనికి కన్ను ఒక్కటియే, రెండవవానికి నాలుగు. వారి వైరము నడుమ, నరవానరముల కంటబడకుండ, సామాన్య సైనికులు ప్రాణములు దక్కించుకొను దారి వెదుకవలయును. ఆ సంవత్సరమే జూలై మాసమున ఇంగ్లండులో టోల్కీను అను ఆచార్యుని బృహత్కథలో మొదటి సంపుటము వెలువడినది. ఆ గ్రంథకర్త పేరు నేడు లోకమెల్ల ఎరుగును. తోకచుక్క రచయిత పేరు మాత్రము ఆ కథను వల్లించిన పిల్లలకే తెలియదు. పత్రిక దానిని ప్రకటింపలేదు.

ఆ రచయిత దాసరి సుబ్రహ్మణ్యము. 1932లో గుంటూరు జిల్లాలో జన్మించి, 1952లో, అనగా ఇరువదియేండ్ల ప్రాయమున, మదరాసు చేరి చందమామ సంపాదకవర్గమున ప్రవేశించెను. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జూలైలో స్థాపించిన పత్రిక అది. కొడవటిగంటి కుటుంబరావు గారు కూడ 1952లోనే సంపాదక బాధ్యత వహించిరి. ఆ కొలువులో సుబ్రహ్మణ్యము గారు 2006వ సంవత్సరము వరకు నిలిచిరి. ఏబదినాలుగేండ్లు ఒక్క పత్రికను అంటిపెట్టుకొని యుండుట మన పత్రికాచరిత్రలో అరుదు.

మాంత్రికుల కథలు మనకు కొత్తవి కావు. ఉత్తరాంధ్రమున జముకుల కథ విని పెరిగినవారికి ఎల్లమ్మ మహిమలు తెలియును. మాయల ఫకీరు బాలనాగమ్మను ఎత్తుకొని పోయిన కథ తెలియని తెలుగు పల్లె లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు కాశీమజిలీ కథలను పండ్రెండు భాగములుగా కూర్చిరి. అందలి ఒక కథనుండియే 1951లో విజయా వారి 'పాతాళభైరవి' చిత్రము పుట్టినది. ఆ చిత్రమును తీసినవారును, చందమామను నడిపినవారును ఒక్కరే. కావున మాంత్రికునికి తెలుగువారి మనస్సులో ఎంత చోటున్నదో చక్రపాణి గారికి ఒకరు చెప్పనక్కరలేదు.

అయినను పాత కథకును ఈ ధారావాహికలకును భేదము కలదు. పాత కథ ఒక రాత్రి కూర్చుండి వినునది. వినువాడు నిద్రపోయినను మరునాడు కథకుడు అందుకొనును. మాసపత్రికలో భాగమునకు భాగమునకు నడుమ ముప్పది దినములు. ఆ ముప్పది దినములు పిల్లవాని మనస్సు కథను విడువకుండ పట్టుకొనవలయును. సుబ్రహ్మణ్యము గారు ఇందులో గొప్ప నేర్పరి. ప్రతి భాగమును ఆపద అంచున ఆపెడివారు. మరుసటి నెల భాగమునకు ముందు జరిగిన కథను నాలుగు వాక్యములలో చెప్పి, క్రొత్త పాఠకుని కూడ లోనికి పిలిచెడివారు. ఆ నాలుగు వాక్యములు వ్రాయుట తేలిక యని తలచువారు ఒకమారు వ్రాసి చూడవలయును.

ఆయన నాయకులు తరచుగా జంటలు. 'రాకాసిలోయ'లో కేశవుడు, జయమల్లు. 'శిథిలాలయము'లో శిఖిముఖి, విక్రమకేసరి. 'యక్షపర్వతము'లో ఖడ్గవర్మ, జీవదత్తు. 'మాయాసరోవరము'లో జయశీలుడు, సిద్ధసాధకుడు. జంటలో ఒకరి కత్తికి రెండవవారి యుక్తి తోడగును. శిఖిముఖి అడవిజాతి బిడ్డ, విక్రమకేసరి నగరమునుండి వచ్చినవాడు. వారి మైత్రిలో పెద్ద చిన్న తారతమ్యము కానరాదు. నా దృష్టిలో ఈ మైత్రియే ఆ కథలకు ప్రాణము. మంత్రము మొదట భయపెట్టును గాని, తుదకు గెలుచునది ధైర్యమును, తోడును. వ్రాసినవారు స్వయముగా హేతువాద దృష్టి గలవారట. మంత్రములను నమ్మనివాడే మాంత్రికులను అంత చక్కగా ఆడింపగలిగెను గాబోలు!

చిత్రకారుడు చిత్రా గారిని ఇచట విడువరాదు. ఉగ్రాక్షుడను రాక్షసుని కోరలు, శిథిలమైన కోటబురుజులు, వింత మృగములపై స్వారి చేయు అడవివాసులు అన్నియు ఆయన కుంచెనుండి వచ్చినవి. చదువు రాని తాతకు మనుమడు ఆ బొమ్మలు చూపి కథ చెప్పవచ్చును. ముఖచిత్రముల సంగతి వచ్చినచో మన జిల్లావారికి కొంత గర్వపడు హక్కు కలదు. చందమామ అట్టమీద పురాణమూర్తులను వెలిగించిన వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళమున జన్మించినవారే. హౌరా–మదరాసు రైలుమార్గముమీద నున్న కోటబొమ్మాళి వంటి ఊరికి ఆ పత్రిక చేరినపుడు, పై అట్ట మన ఊరివాని చేతిది, లోపలి కథ గుంటూరువానిది, అచ్చు మదరాసుది.

'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపము', 'పాతాళదుర్గము', 'రాతిరథము' మొదలుగా తోకచుక్కతో కలిపి ఆయన ధారావాహికలు పండ్రెండు. డెబ్బదుల చివరి భాగమున ముగిసిన 'భల్లూక మాంత్రికుడు' వానిలో తుదిది. చందమామ తమిళము, కన్నడము, హిందీ, మరాఠీ మున్నగు భాషలలోనికి వ్యాపించినకొలది ఈ కథలును ఆ భాషల బాలురకు సొంతమైనవి. మరాఠీ బాలుడు ఆ కథ తెలుగున పుట్టినదని ఎరుగడు. తెలుగు బాలుడు దానిని ఎవరు వ్రాసిరో ఎరుగడు. పత్రికయే రచయిత, వ్రాయువారు దాని చేతులు మాత్రమే అన్నది ఆనాటి పద్ధతి. దానివలన పత్రికకు ఒక్క గొంతు, ఒక్క శైలి ఏర్పడినమాట నిజమే. కాని ఆ లాభమునకు వెల చెల్లించినవాడు రచయిత. సాహిత్యచరిత్రలు వ్రాసిన పండితులు బాలల పత్రికను తెరచి చూడలేదు. చూచినను అందు పేరు కనబడదు.

1975 సెప్టెంబరులో చక్రపాణి గారు గతించిరి. భల్లూక మాంత్రికుని తరువాత ఆయనచేత క్రొత్త ధారావాహిక వ్రాయింపబడలేదు. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు కూడ నిండలేదు. ఆయన కొలువులోనే యుండి, ఇతరుల రచనలు దిద్దుచు, మరి పాతికేండ్లకు పైగా గడపిరి. వ్రాయగల చేయి ఖాళీగా నుండగా, పాఠకులు పాత ధారావాహికలనే మరల అడిగిరి. పత్రిక వానినే మరల అచ్చువేసెను. ఇందులో న్యాయమెంతో శ్రోతలే నిర్ణయింపవచ్చును.

2006లో కొలువు విడిచి ఆయన ఆంధ్రదేశమునకు వచ్చిరి. ఈలోగా, ఒకనాటి బాలురు తలలు నెరసి, తమకు నిద్రలేకుండ చేసిన ఆ రచయిత ఎవరని వెదుకసాగిరి. కొందరు ఆయన చిరునామా కనుగొని జాబులు వ్రాసిరి. 2010 జనవరి 27న ఆయన విజయవాడలో కన్నుమూసిరి. చందమామ కూడ అటుపిమ్మట కొలది యేండ్లకే ఆగిపోయెను. ఇటీవల ఆ ధారావాహికలు విడిపుస్తకములుగా వెలువడినవి. అట్టపైన, చిత్రా బొమ్మల సరసన, దాసరి సుబ్రహ్మణ్యము అని అచ్చైయున్నది.